అచ్చు ఆపితేనే ధర!

250 కాపీలు వేసి ఆపేసిన అమెరికా బొమ్మ వేలంపాటలో కోట్లు పలుకుతోంది. శ్రీకాకుళంలో పుట్టిన చిత్రకారుడు వడ్డాది పాపయ్య బొమ్మ ఊరూరా ఇంటింటికీ చేరి, చివరికి తక్కెడలో తూకానికి పోయింది. రెండూ అచ్చుబొమ్మలే, రెండూ జనం మెచ్చినవే. మరి ధరలో అంత తేడా ఎక్కడిది?

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో శుభలేఖలు వేసే చిన్న ప్రెస్సులోకి వెళ్తే ఒక చెక్క ఫ్రేము కనిపిస్తుంది. దానికి సన్నని నైలాన్ గుడ్డ బిగించి ఉంటుంది. వెలుతురు తగిలితే గట్టిపడే మందును ఆ గుడ్డకు పూసి, పైన బొమ్మ ఉన్న ఫిల్ము పెట్టి లైటు కింద ఉంచుతారు. తర్వాత నీళ్లతో కడుగుతారు. బొమ్మ ఉన్న చోట మందు కరిగిపోయి గుడ్డ కన్నాలు తెరుచుకుంటాయి, మిగతా చోట మూసుకునే ఉంటాయి. కింద కార్డు పెట్టి, పైన రంగు ముద్ద వేసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే వినాయకుడు దిగుతాడు. పసుపుకు ఒక స్క్రీను, ఎరుపుకు ఒకటి, బంగారు రంగుకు మరొకటి. రెండో రంగు వెంట్రుకవాసి పక్కకు జరిగిందా, వినాయకుడికి రెండు తొండాలు వస్తాయి. ఆ కార్డు చెత్తబుట్టకే.

1967లో న్యూయార్క్‌లో ఇదే పద్ధతిలో పది బొమ్మలు అచ్చయ్యాయి. బొమ్మలో ఉన్నది హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో. వేయించినవాడు అమెరికా పాప్ ఆర్ట్ చిత్రకారుడు ఆండీ వార్హాల్. మూడడుగుల చదరపు కాగితం మీద ఒక దాంట్లో గులాబీ ముఖం, ఒక దాంట్లో ఆకుపచ్చ ముఖం. కనురెప్పల నీలం కంటి మీద సరిగ్గా కూర్చోదు. పెదాల ఎరుపు పెదాల గీతను దాటి బయటికి వస్తుంది. మన శుభలేఖల ప్రెస్సులో యజమాని చేత తిట్లు తినిపించే ఆ తప్పును వార్హాల్ కావాలనే ఉంచాడు. ఒక్కో బొమ్మకు సంతకాలు చేసి నంబర్లు వేసిన 250 కాపీలు తీశారు. ఈ రోజు వాటిలో ఒక్క కాగితం వేలానికి వస్తే లక్ష డాలర్ల పైమాటే. పది బొమ్మల సెట్టు మొత్తంగా వస్తే పది లక్షల డాలర్లు సునాయాసంగా దాటుతుంది.

పద్ధతిలో దాపరికం లేదు. వాడిన రంగులు, గుడ్డ, రబ్బరు పట్టీ ఎక్కడైనా దొరికేవే. బొమ్మ కూడా వార్హాల్ సొంతం కాదు. ‘నయాగరా’ సినిమా ప్రచారం కోసం స్టూడియో తీయించిన ఫొటో అది. అయినా ఆ కాగితానికి అంత ధర పలుకుతోందంటే, దాన్ని పలికిస్తున్నది వేరే ఏదో ఉండాలి.

సుత్తి దెబ్బ వెనక

పాప్ ఆర్ట్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో మొలకెత్తి, 1960ల్లో అమెరికాలో విరగబూసింది. సూపు డబ్బాలు, కూల్‌డ్రింకు సీసాలు, సినిమా తారలు, కామిక్ పుస్తకాలు, పత్రికల ప్రకటనలు... రోజూ జనం కళ్లబడే వాటినే తెచ్చి గ్యాలరీ గోడకు తగిలించారు. బ్రిటిష్ చిత్రకారుడు రిచర్డ్ హామిల్టన్ 1957లో స్నేహితులకు రాసిన ఉత్తరంలో ఈ కళకు లక్షణాలు ఏకరువు పెట్టాడు. పదిమందికీ నచ్చాలి, చవగ్గా దొరకాలి, గుట్టలుగా తయారవ్వాలి, వాడి పారేసేలా ఉండాలి, కుర్రకారును పట్టుకోవాలి అన్నది వాటి సారాంశం.

చిత్రమేమిటంటే చవక, గుట్టలు అన్న రెండు మాటలకూ వేలంపాటలో చోటు లేదు. వార్హాల్ తొలి సూపు డబ్బాల కథే చూడండి. 1962లో లాస్ ఏంజెలిస్‌లోని ఫెరస్ గ్యాలరీలో 32 బొమ్మలు పెట్టారు. ఒక్కోటి వంద డాలర్లు. పెద్దగా ఎవరూ కొనలేదు. గ్యాలరీ నడిపే ఇర్వింగ్ బ్లమ్ మొత్తం సెట్టును వెయ్యి డాలర్లకు తానే ఉంచేసుకున్నాడు, అదీ వాయిదాల మీద. 1996లో అదే సెట్టు న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియానికి చేరింది. అప్పటి విలువ సుమారు కోటిన్నర డాలర్లు.

2022 మే 9న న్యూయార్క్‌లోని క్రిస్టీస్ సంస్థ వార్హాల్ చేసిన ఒక మార్లిన్ బొమ్మను వేలం వేసింది. 1964లో కాన్వాసు మీద శుభలేఖల ప్రెస్సు పద్ధతిలోనే, అంటే సిల్క్ స్క్రీన్‌తో చేసిన బొమ్మ అది. పాట నాలుగు నిమిషాల్లో ముగిసింది. సుత్తి 17 కోట్ల డాలర్ల దగ్గర పడింది. కొన్నవాడు కట్టింది మాత్రం 19.5 కోట్ల డాలర్లు. అప్పటి మారకం లెక్కన దాదాపు 1,500 కోట్ల రూపాయలు. ఇరవయ్యో శతాబ్దపు కళాఖండానికి వేలంలో అప్పటిదాకా అంత ధర పలకలేదు.

ఆ రెండు అంకెల మధ్య తేడా వేలం సంస్థది. పాట పాడినవాడు సుత్తి ధర మీద కమీషను అదనంగా కట్టాలి. చిన్న మొత్తాల మీద అది పాతిక శాతం దాటుతుంది, మొత్తం పెరిగేకొద్దీ శాతం తగ్గుతుంది. అమ్మేవాడికి ‘ఇంతకు తగ్గితే ఇవ్వను’ అనే రహస్య ధర ఉంటుంది. ఆ మెట్టు చేరకపోతే సుత్తి పడినా సరుకు చేతులు మారదు. కేటలాగులో వేసే అంచనా ధర పాట పాడేవాళ్లను కూడగట్టడానికి వేసే ఎర. దాన్ని చూసి ఇదే విలువ అనుకుంటే పొరపాటే.

కాగితం మీది ప్రింటుకైతే మరో పరీక్ష ఉంది. కేటలాగులో ఆ బొమ్మ గురించి రాసే నాలుగు వరుసలు జాగ్రత్తగా చదవాలి. ఏ సంవత్సరం, ఏ కాగితం, ఎన్ని కాపీల్లో ఎన్నో కాపీ, ఎవరు అచ్చేశారు, ఎవరు ప్రచురించారు, సంతకం ముందుందా వెనకుందా, పెన్సిలా పెన్నా... అన్నీ ఉంటాయి. 1967 నాటి మార్లిన్ ప్రింట్లకు సంతకం పెన్సిల్‌తో వెనకవైపు ఉంటుంది, నంబరు రబ్బరు స్టాంపుతో వేసి ఉంటుంది. చిత్రకారుడి కోసం విడిగా తీసిన కాపీలు ఇంకో 26 ఉన్నాయి. వాటి మీద అంకెలకు బదులు అక్షరాలు ఉంటాయి. ఇవన్నీ గ్రంథస్థమయ్యాయి. ఫెల్డ్‌మన్, షెల్‌మన్ కూర్చిన వార్హాల్ ప్రింట్ల సమగ్ర జాబితాలో ప్రతి బొమ్మకూ ఒక సంఖ్య ఉంది. ఆ సంఖ్య లేని కాగితాన్ని పెద్ద వేలం సంస్థలు అనుమానంగానే చూస్తాయి.

చేతులు మారుతున్నది బొమ్మ ఒక్కటే కాదన్నమాట. 250 దగ్గర ఆపేశామన్న మాట కూడా దాంతోపాటే అమ్ముడవుతోంది.

సంతకం మీరే పెట్టుకోండి!

ఆ మాట నిలబడకపోతే ఏమవుతుందో వార్హాల్ బతికుండగానే తేలింది. 1970 ప్రాంతంలో బెల్జియంలో కొందరితో కలిసి మార్లిన్ బొమ్మలు మళ్లీ వేయించే ఆలోచన చేశాడాయన. బొమ్మకు సంబంధించిన నెగటివులు వాళ్ల చేతికి వెళ్లాయి. పొత్తు చెడింది. అయినా వాళ్లు అచ్చు ఆపలేదు. ‘సండే బి. మార్నింగ్’ పేరుతో అవే బొమ్మలు, అదే కొలతలో వచ్చేశాయి. వెనక మాత్రం నల్ల స్టాంపు ఉండేది. ‘మీ సంతకం మీరే నింపుకోండి’ అని దాని అర్థం.

వార్హాల్ కోర్టుకెక్కి గగ్గోలు పెట్టే రకం కాదు. ఎవరైనా ఆ కాపీ తెచ్చి చూపిస్తే, కొన్నిసార్లు దాని మీదే ‘ఇది నేను చేసింది కాదు’ అని రాసి కింద సంతకం చేశాడు! ఆ రాత ఉన్న కాపీలకు వేలంలో విడిగా గిరాకీ ఉంది. ఆ తర్వాతి కాలంలో నీలం స్టాంపుతో వచ్చినవి ఇప్పటికీ దొరుకుతాయి. కంటికి చూస్తే అసలుకూ వీటికీ తేడా పట్టడం కష్టం. ధర దగ్గర మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం.

చుక్కల చందమామ

ఇప్పుడు మన వైపు చూద్దాం. హామిల్టన్ చెప్పిన లక్షణాలన్నీ సరిగ్గా సరిపోయినా కోట్ల ధర మాత్రం పలకని చిత్రకారుడు శ్రీకాకుళంలో పుట్టాడు. 1921 సెప్టెంబర్ 10న జన్మించిన వడ్డాది పాపయ్య వార్హాల్ కంటే ఏడేళ్లు పెద్ద. తండ్రి రామ్మూర్తి బొమ్మలు నేర్పే మేష్టారు. తొలి పాఠాలు ఇంట్లోనే. చిన్నతనంలో రవివర్మ కోదండరాముడి బొమ్మ ఆయన్ను పట్టేసిందని ఆయన జీవితం గురించి రాసినవాళ్లు చెబుతారు. అచ్చుబొమ్మ చూసి బొమ్మల్లోకి వచ్చిన పిల్లవాడు పెద్దయ్యాక అచ్చుబొమ్మలతోనే రాష్ట్రాన్ని ముంచెత్తాడు.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పిల్లల మాసపత్రిక ‘చందమామ’కు ఆయన దశాబ్దాల పాటు అట్టమీది బొమ్మలు వేశాడు. చక్రపాణి నడిపిన ‘యువ’ మాసపత్రికకూ, దాని దీపావళి సంచికలకూ ఆయన బొమ్మే అందం. అడుగున ‘వపా’ అని పొట్టి సంతకం. నీలంలోంచి పసుపులోకి జారే ఆకాశాలు, సోగకళ్ల ఆడవాళ్లు, పురాణాల్లోంచి నేరుగా నడిచొచ్చిన దేవతలు. ఆ సంతకం చూడకుండానే ‘వపా బొమ్మ’ అని చెప్పగలిగిన పాఠకులు ఇంటికొకరు ఉండేవారు.

చందమామ డజనుకు పైగా భాషల్లో వచ్చింది. అన్ని భాషలకూ అట్ట మీది బొమ్మ ఒకటే, పేరు అచ్చయిన లిపి మాత్రం మారేది. ఇచ్ఛాపురంలో తెలుగు పిల్లవాడు చందమామగా చూసిన బొమ్మనే సరిహద్దు దాటి బరంపురంలో ఒడియా పిల్లవాడు ‘జహ్నమాము’గా చూశాడు. తమిళంలో అది ‘అంబులిమామ’, మరాఠీలో ‘చాందోబా’. న్యూయార్క్ గ్యాలరీకి జనం వెళ్లి బొమ్మ చూడాలి. వపా బొమ్మ మాత్రం బస్సెక్కి, రైలెక్కి, పత్రికల ఏజెంటు సైకిలెక్కి పార్వతీపురం, పాలకొండ, టెక్కలి దాకా వచ్చింది.

పాత చందమామ ఇంట్లో ఉంటే ఒక పని చేయండి. అట్ట మీది బొమ్మను భూతద్దంలో చూడండి. దేవత చెంప మీది లేతరంగు మాయమైపోతుంది. దాని స్థానంలో వరసలు తీరిన చుక్కలు తేలతాయి. పసుపు చుక్కలు, గులాబీ చుక్కలు, నీలం చుక్కలు, అక్కడక్కడా నలుపు. చెంప నిగనిగలాడే చోట చుక్కలు చిన్నవై దూరదూరంగా ఉంటాయి, జడ నీడలో పెద్దవై ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. అచ్చయ్యే వేళ ఒక రంగు ప్లేటు కాస్త జరిగి ఉంటే కంటి అంచున ఎర్రగీత కనిపిస్తుంది. వపా కుంచెతో నున్నగా కలిపిన రంగును ప్రెస్సు ఇలా నాలుగు రంగుల చుక్కలుగా విడగొట్టి, మన కంటిచేత మళ్లీ కలిపిస్తుంది.

ఇలాంటి అచ్చు చుక్కలనే పెద్దవి చేసి పేరు తెచ్చుకున్నవాడు రాయ్ లిక్టెన్‌స్టైన్. వార్హాల్ తర్వాత పాప్ ఆర్ట్‌లో అంతటి పేరు ఆయనదే. చవక కామిక్కుల్లోని ఒక బొమ్మ తీసుకుని, అచ్చు చుక్కలతో సహా గోడంత పెంచి గీసేవాడు. 1963లో వేసిన ‘వామ్!’ అనే యుద్ధవిమానం బొమ్మ 1966లో లండన్ టేట్ గ్యాలరీకి చేరింది. ఆ బొమ్మకు మూలం 1962లో వచ్చిన ఒక యుద్ధాల కామిక్కులో ఇర్వ్ నోవిక్ అనే చిత్రకారుడు గీసిన చిన్న గడి. నోవిక్‌కు దక్కింది కామిక్కు కంపెనీ ఇచ్చిన పని కూలీ.

పాప్ ఆర్ట్ కథలో ఎప్పుడూ ఇద్దరు చిత్రకారులు ఉంటారు. ఒకరు జనం కోసం పత్రికకు, పోస్టరుకు, డబ్బా మీది లేబులుకు బొమ్మ గీసేవారు. రెండోవారు ఆ బొమ్మను గ్యాలరీలోకి తెచ్చి, లెక్కపెట్టి అచ్చువేసి, సంతకం చేసేవారు. వేలంపాట రెండోవారినే పిలుస్తుంది. మన వపా, సినిమా పోస్టర్లు గీసిన మన చిత్రకారులు, క్యాలెండర్ల కోసం అమ్మవార్లను గీసినవాళ్లు అందరూ మొదటి వరసలోని వాళ్లు. నోవిక్ పక్కన కూర్చోవలసినవాళ్లు.

అందుకే ‘మన వపాయే మన వార్హాల్’ అని గొప్పకు చెప్పుకోవడం నాకు రుచించదు. వార్హాల్ లాంటివాళ్లు అరువు తెచ్చుకునే బొమ్మలను స్వయంగా సృష్టించినవాడు వపా. ఆయన పని మొదటిది, కష్టమైనది.

రవివర్మ చూపిన దారి

చవక అచ్చుబొమ్మకు ఎప్పటికీ ధర రాదా అంటే, వస్తుంది. దానికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది.

1894లో రాజా రవివర్మ ముంబైలో అచ్చుయంత్రం పెట్టాడు. తర్వాత దాన్ని లోనావలా దగ్గరికి తరలించారు. రాతి పలకల మీద బొమ్మ గీసి, ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున అచ్చువేసే పద్ధతి అది. కొన్నేళ్లకే ప్రెస్సు ఆయన చేయి దాటి జర్మన్ సాంకేతిక నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్ పరమైంది. కానీ లక్ష్మి, సరస్వతి, శకుంతల, దమయంతి బొమ్మలు మాత్రం దేశమంతా పాకిపోయాయి. కొందరిని గుడి గడప తొక్కనివ్వని రోజుల్లో దేవుణ్ణి ఇంట్లోకి తెచ్చిన కాగితాలవి. కొందరు ఇల్లాళ్లు వాటికి జరీ, చమ్కీలు కుట్టి, నిజం చీర కట్టినట్టు అలంకరించి పటం కట్టించారు. ఆ అలంకరణ ఉన్నవాటిని ఈనాడు సేకర్తలు ప్రత్యేకంగా వెతుక్కుంటారు.

అణాల్లో అమ్ముడైన ఆ కాగితాలకు ఇప్పుడు వేలల్లో, అరుదైనవైతే లక్షల్లో పలుకుతోంది. అప్పట్లో ఎవరూ వాటి మీద నంబర్లు వేయలేదు. కాలమే వాటిని లెక్కగట్టింది. చెదలు తిన్నవి, వానకు తడిసినవి, దీపం మసి పట్టి అవతల పారేసినవి పోగా మిగిలినవి కొన్నే. వార్హాల్ మనసులో అనుకుని తెచ్చిన కరువును రవివర్మ బొమ్మలకు మన నిర్లక్ష్యం తెచ్చిపెట్టింది.

వపా బొమ్మలూ ఇదే దారిలో ఉన్నాయి. నలభై యాభై ఏళ్ల కిందటి చందమామ, యువ సంచికల కోసం వెతికే సేకర్తలు ఇప్పటికే ఉన్నారు. అట్ట చిరగకుండా, పిల్లలు పెన్నుతో మీసాలు గీయకుండా ఉన్న సంచికకు ఒక ధర, అట్ట ఊడినదానికి ఇంకో ధర.

లెక్క పెట్టి అచ్చేసిన తెలుగువాళ్లు

నంబరు వేసి, సంతకం చేసి, అచ్చును కళగా నడిపిన తెలుగువాళ్లు లేకపోలేదు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, లండన్ మీదుగా పారిస్ చేరాడు. అక్కడ హేటర్ నడిపిన ‘అటెలియె 17’ అచ్చుశాలలో సాటి కళాకారుడు కైకో మోతీతో కలిసి ప్రపంచం మెచ్చిన కొత్త పద్ధతికి రూపమిచ్చాడు. లోహపు ప్లేటును రకరకాల లోతుల్లో చెక్కి, ఒకటి పలచగా ఒకటి చిక్కగా ఉన్న రంగులను మెత్తని, గట్టి రోలర్లతో పూస్తారు. నూనె పాళ్లు వేరు కాబట్టి ఒక రంగు ఇంకోదాన్ని తోసేస్తుంది. రంగురంగుకూ ప్లేటు మార్చకుండా అన్ని రంగులూ ఒకే ఒత్తిడిలో కాగితమెక్కుతాయి. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూసే దాకా ఆయన ప్రింటునే నమ్ముకున్నాడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ బరోడాలో అచ్చుకళ నేర్చుకుని, ఊరి మనుషుల్నీ మేకల్నీ చెట్లనీ లోహపు ప్లేటు మీద సన్నని గీతలు దించి తీసే ఎచింగుల్లోకి తెచ్చాడు. వీళ్ల ప్రింట్లు దేశ విదేశాల వేలాల్లో కనిపిస్తూనే ఉంటాయి.

ఉత్తరాంధ్రకూ గ్యాలరీ మార్గం తెలియనిది కాదు. మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకున్న అంట్యాకుల పైడిరాజు విజయనగరంలో ఉండి బొమ్మలు వేశాడు, శిష్యులను తయారుచేశాడు. వపా మాత్రం పత్రికను ఎంచుకున్నాడు. పత్రికకు బొమ్మ గీసేవాడికి అచ్చు ఆపే అధికారం లేదు. ఆపాలని ఉండదు కూడా. ఎక్కువ కాపీలు అమ్ముడైతేనే వచ్చే నెలా పని ఉంటుంది.

అటక మీద ఏముందో చూశారా?

పాత అచ్చుబొమ్మలు ఇంట్లో ఉన్నవాళ్లకూ, కొత్తగా ప్రింటు కొనాలనుకునేవాళ్లకూ కొన్ని మాటలు.

లామినేషన్ వద్దు. బాగుచేశామనుకుంటాం గానీ ఆ ప్లాస్టిక్ పొరతో కాగితం విలువ అక్కడితో సరి. సెల్లో టేపూ అంతే. కొన్నేళ్లకు జిగురు పసుపు మరకై లోపలికి దిగుతుంది.

సముద్రపు గాలి తగిలే ఊళ్లు మనవి. కాగితం తేమ పీల్చి బూజు పడుతుంది, వెండిరంగు పురుగులు జిగురు ఉన్న చోటును తింటాయి. ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి, నేలకు, గోడకు తగలకుండా పడుకోబెట్టాలి. పటం కట్టిస్తే అద్దానికి బొమ్మ అంటకుండా మధ్యలో అట్టముక్క పెట్టించాలి. వెనక ప్లైవుడ్డు నేరుగా ఆనకూడదు. ఎండ పడే గోడ అసలే వద్దు. ఎరుపు, పసుపు ముందు వెలిసిపోతాయి.

ప్రింటు కొనేటప్పుడు భూతద్దం వెంట ఉంచుకోండి. స్క్రీన్ ప్రింటైతే రంగు ఒక పొరగా, చదునుగా కాగితం మీద కూర్చుంటుంది. ఎచింగ్ అయితే ప్లేటు ఒత్తిన అంచు గుంట కాగితం మీద వేలికి తగులుతుంది. సన్నని చుక్కలు కనిపిస్తే అది ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో వేసిన నకలు కావచ్చు. సంతకం కూడా బొమ్మతోపాటే అచ్చయి ఉంటే దాన్ని సంతకంగా లెక్కించరు. ఏ చేతుల మీదుగా వచ్చిందో చెప్పే రసీదు, పాత కేటలాగు బొమ్మకు జాతకం లాంటివి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. రవివర్మ కృతులు జాతీయ కళాసంపద జాబితాలో ఉన్నాయి, వాటిని దేశం దాటించడం కుదరదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడి హక్కు ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. వపా 1992 డిసెంబర్ 30న మరణించారు. పాత అట్టల్ని స్కాన్ చేసి పోస్టర్లుగా అమ్ముకుందామనుకునేవాళ్లు ఈ లెక్క మరిచిపోకూడదు. అదే చట్టంలో 53ఏ అనే సెక్షను ఒకటి ఉంది. చిత్రకారుడు గీసిన మూల చిత్రం పది వేల రూపాయలకు మించి మళ్లీ అమ్ముడైతే అందులో పది శాతానికి మించని వాటా ఆయనకో, వారసులకో అడిగే హక్కు ఇస్తుంది. అచ్చుబొమ్మల పేరు మాత్రం ఆ సెక్షనులో లేదు.

కావలసింది జాబితా

కొందరు ఇక్కడ ఒక కోరిక కోరతారు. వపా బొమ్మలు కూడా పెద్ద వేలంలో కోట్లు పలకాలని. ఆ కోరికలో అభిమానం ఉంది, కాదనలేం. కానీ ధర ముందూ గుర్తింపు వెనకా రావు. వార్హాల్ ప్రింటు వేలం బల్ల మీదికి రావడానికి ముందు ఎవరో కూర్చుని ప్రతి బొమ్మకూ సంవత్సరం, కొలత, కాపీల సంఖ్య రాసిపెట్టారు. ఆ జాబితా లేకపోతే అసలుకూ బెల్జియం నకలుకూ తేడా చెప్పేవాడే ఉండడు.

అలాంటి జాబితా తయారుచేయడానికి పనికొచ్చే నమూనా శ్రీకాకుళంలోనే ఉంది. కారా మేష్టారుగా అందరూ పిలుచుకునే కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న అక్కడ ‘కథానిలయం’ తెరిచారు. తనకు వచ్చిన అవార్డుల సొమ్ము దానికే పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా, అది మొదట వెలువడిన పత్రికతో సహా ఒక చోట ఉండాలన్నది ఆయన పట్టుదల. ఏ రచయిత, ఏ కథ, ఏ పత్రిక, ఏ నెల, ఏ సంవత్సరం అన్న వివరాలు అక్కడ వరసగా పోగయ్యాయి. 2021 జూన్‌లో మేష్టారు వెళ్లిపోయినా ఆ లెక్క నిలిచే ఉంది. తూకానికి పోవలసిన కాగితాలు పరిశోధకులకు ఆధారాలయ్యాయి.

కథకు చేసిన పనే బొమ్మకూ చేయాలి. లైబ్రరీల్లో ఒక పాత అలవాటుంది. పత్రికల్ని సంవత్సరానికొక సంపుటిగా బైండు చేయించేటప్పుడు రంగుల అట్టలు చించి అవతల పెట్టేస్తారు. కథలు, సీరియళ్లు మిగులుతాయి, అట్ట మీది బొమ్మలు పోతాయి. బైండరుకు ‘అట్టలు ఉంచి కుట్టు’ అని ఒక్క మాట చెబితే చాలు, ఖర్చేమీ కాదు. జిల్లా గ్రంథాలయంలో, ఊళ్లలో చదువరుల ఇళ్లలో ఉన్న సంచికల అట్టల్ని ఫొటో తీసి నెల, సంవత్సరం, సంతకం, బొమ్మలోని ఘట్టం రాసుకుంటూ పోతే కొన్నాళ్లకు వపా సమగ్ర జాబితా తయారవుతుంది. డ్రాయింగు మేష్టార్లున్న ప్రతి హైస్కూలూ పిల్లలచేత కొంత పని చేయించవచ్చు. భూతద్దం, సెల్‌ఫోను, నోటుపుస్తకం ఉంటే సరిపోయే పని ఇది.

రేపు ఆ జాబితా చూసి ఎవరైనా వేలం పెడితే పెట్టనీ. కొనగలిగినవాడు కొంటాడు. వార్హాల్ బొమ్మ 250 మంది సొత్తు. వపా బొమ్మ మాత్రం నెలనెలా చందమామ కొన్న ప్రతి ఇంటి సొత్తు, అందుకే దాని లెక్క ఎవరూ పెట్టలేదు. ఇంతమంది సొత్తు కాబట్టి లెక్క రాయవలసింది కూడా మనమే. సుత్తి పట్టుకున్నవాడు వచ్చి రాస్తే, వాడికి పనికొచ్చిన బొమ్మలే రాస్తాడు.